మీవాడే చేసినాడని బడి నుంచి ఫోనొస్తే

(తిరుపతిలో హైస్కూలు పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికుల ప్రశ్నలు రెండు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడిన నాన్నలు కొంచెం లోపలికి రండి, కుర్చీలున్నాయి. ఎప్పుడూ ఇంతే, పిల్లల మాటంటే అమ్మలు ముందు వరసలో, నాన్నలు చెప్పుల దగ్గర.

కరపత్రంలో నా పేరు కింద ‘ఆన్‌లైన్ వేధింపుల నుంచి పిల్లల్ని కాపాడుకోవడం’ అని వేసినారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, బాగానే చెప్తున్నారు. నేను రెండో వైపు మాట్లాడదామని వచ్చినాను. మీ పాపను ఎవరో ఏడిపించినారని కాదు, మీవాడే ఇంకొకరిని ఏడిపించినాడని బడి నుంచి ఫోనొస్తే ఏం చేస్తారు? ఆ ఫోను మనింటికి రాదులే అని అందరి ధీమా. ఏడ్చే పిల్లలు ఇంతమంది ఉన్నప్పుడు ఏడిపించే పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడరు కదమ్మా. వాళ్లూ ఎవరో ఒకరింట్లో అన్నం తినే బడికి పోతారు.

ఒక కేసు చెప్తా. ఏ బడో, ఏ వీధో చెప్పను. కొన్ని వివరాలు మార్చినాను కూడా. ఎందుకు మార్చాలో తర్వాత మీకే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి పిల్లోడు. వాళ్ల నాన్న కొండకు టాక్సీ నడుపుతాడు. అదే తరగతిలో ఒక పాప. బడి వార్షికోత్సవంలో ఆ పాప జానపద నృత్యం చేసింది. నోరు తెరుచుకుని, కళ్లు సగం మూసుకున్న క్షణంలో ఎవరో ఫోటో తీసినారు. ఆ ఫోటో పెట్టి, ఆ పాప పేరుతోనే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరిచినారు. తన గురించి తానే రాసుకున్నట్టు రాతలు. ఒంటి రంగు మీద ఒకటి, వాళ్లమ్మ నాలుగిళ్లలో చేసే పని మీద ఒకటి. వారం తిరక్కుండా ఆ మొహం కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేసినారు. తరగతి గ్రూపులో ఎవరు ఏం అడిగినా జవాబు ఆ స్టిక్కరే. పాప కడుపునొప్పి అని బడి మానేసింది. తల్లి డాక్టరుకు చూపించింది, స్కానింగ్ కూడా తీయించింది. కడుపులో ఏముంటుంది?

ఖాతా ఎవరిదో పట్టుకుందామని పిల్లలే పరిశోధన మొదలుపెట్టినారు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే ఆ ఖాతాకు కలిపిన ఫోను నంబరు చుక్కలు చుక్కలుగా చూపించి, చివరి రెండంకెలు బయటపెట్టింది. ఆ రెండంకెలతో ముగిసే నంబరు తరగతిలో ఎవరిదా అని చూసినారు. ఈ పిల్లోడిది. అంతే, తేలిపోయింది అన్నారు. నంబర్లు వంద తీసుకుంటే ఒకటి ఆ రెండంకెలతోనే ముగుస్తుందని లెక్కల్లో మంచి మార్కులొచ్చే పిల్లలకు కూడా ఆ పూట గుర్తుకు రాలేదు.

ప్రిన్సిపల్ గదిలో బల్ల మీద కలర్ ప్రింట్లు పరిచినారు. తండ్రి అలిపిరి దగ్గర బండి వదిలేసి, ఖాకీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చినాడు. పైన ఉన్న కాగితం వైపు చూసినాడు. పిల్లోణ్ని చెంప మీద ఒకటి కొట్టినాడు. కొట్టిన తర్వాత కాగితం చేతికి తీసుకుని చదివినాడు. వెనకే తల్లి వచ్చింది, “మావాడు అట్లాంటోడు కాదు సార్, ఎవరో కావాలని ఇరికించినారు” అని మొదలుపెట్టింది. ఒకే ఇంటి నుంచి ఐదు నిమిషాల్లో రెండు తీర్పులు. నువ్వేం చేసినావు నాయనా అని వాణ్ని ఒక్కమాట అడిగిన దిక్కు లేదు.

ఆ తర్వాత బడి వాళ్లు మంచి మాటలే చెప్పినారు. “కేసూ గీసూ ఎందుకు లెండి, బడి పేరు పోతుంది, మీ అబ్బాయి భవిష్యత్తూ పోతుంది. టీసీ తీసుకోండి. పోతూ పోతూ ఒక అపాలజీ లెటర్ రాసివ్వండి.” లెటర్‌లో ఏం రాయాలో కూడా వాళ్లే చెప్పినారు: ఖాతా నేనే తెరిచినాను, ఫోటో నేనే పెట్టినాను, అన్నీ నేనే రాసినాను. పిల్లోడు పెన్ను పట్టుకుని రాస్తున్నాడు. రాసేదే, ఆ సమయానికి లెక్కలు చెప్పే మేడం లోపలికి రాకపోతే. ఆమె అడ్డంపడి, పిల్లలను ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి అడుగుతాను, రెండు రోజులు గడువివ్వండి అన్నది.

రెండు రోజుల్లో తేలింది ఏమిటంటే, ఖాతా తెరిచింది ట్యూషన్‌లో. తెరిచినవాడు ఇంకో పిల్లోడు. వాడి దగ్గర ఫోను లేదు, అందుకని మనవాడి ఫోను తీసుకున్నాడు. సిమ్ము తల్లి పేరు మీద ఉంది. వచ్చిన ఓటీపీని చదివి చెప్పింది మనవాడే. ఫోటో తీసింది, మీరు నమ్మరు, ఆ పాప పక్కన బెంచీలో కూర్చునే స్నేహితురాలు. స్టిక్కర్ చేసింది మరొక అమ్మాయి. పాస్‌వర్డ్ నలుగురి దగ్గర ఉంది. మనవాడు ఆ ఖాతాలో రెండు రాతలు రాసినాడు. ఆ రెండింటిలో ఒకటి, వాళ్లమ్మ పని గురించి రాసినది, ఉన్నవాటన్నిటిలోకీ నీచమైనది.

చూసినారా? తల్లి చెప్పినట్టు అమాయకుడు కాదు. తండ్రి కొట్టినట్టు అంతా చేసినవాడూ కాదు. వాడు చేసింది వేరే ఉంది, దానికి ఒక కొలత ఉంది. ఆ కొలత తేల్చకుండా టీసీ ఇచ్చి పంపి ఉంటే ఏమయ్యేది? పాస్‌వర్డ్ ఉన్న మిగతా ముగ్గురూ అదే తరగతిలో ఉండేవాళ్లు. స్టిక్కర్ నలభై ఫోన్లలో ఉండేది. పాప మళ్లీ ఆ గదిలోకే పోయి కూర్చోవాలి. పోయిన పిల్లోడేమో కొత్త బడిలో ‘నన్నొక్కణ్నే బలి చేసినారు’ అని, అది కొంతవరకూ నిజమే కాబట్టి, తన తప్పును హాయిగా మర్చిపోయేవాడు. టీసీ విచారణ కాదండీ. విచారణ చెయ్యడం చేతగాని చోట ఇచ్చే కాగితం అది. నేను ఈ ఊళ్లో చూసిన పిల్లల గొడవల్లో సగం ఇట్లాగే మూసేస్తారు.

సరే, ఆ బల్ల మీద ప్రింట్ల సంగతికి వస్తా. వాటిలో రెండు వాట్సాప్ స్క్రీన్‌షాట్లు. పైన ఈ పిల్లోడి పేరు ఉంది. అది చూసే తండ్రి కొట్టింది. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో కనిపించే పేరు ఎవరు పెడతారు? ఆ ఫోను సొంతదారు. నేను మీ నంబరును ‘ప్రధానమంత్రి’ అని సేవ్ చేసుకుంటే మీరు పంపిన మెసేజీ ప్రధానమంత్రి పంపినట్టే కనిపిస్తుంది. కాబట్టి పేరు కాదు, పేరు మీద నొక్కితే వచ్చే నంబరు చూడాలి. తేదీ, టైము ఉన్నాయా, పైభాగం కత్తిరించినారా, ముందు మెసేజీ ఏమిటి, తర్వాత మెసేజీ ఏమిటి, ఇవన్నీ చూడాలి. చాట్ మొత్తం ‘ఎక్స్‌పోర్ట్’ చేసి చూస్తే మొదలూ చివరా తెలుస్తాయి. కోర్టు దాకా పోతే కాగితం మీద ప్రింటు ఒక్కటే చాలదు. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి. బడిలో సర్టిఫికెట్ అడగమని చెప్పడం లేదు. ఆ ప్రింట్లు ఏ ఫోనులో తీసినారో ఆ ఫోను చూపించమని అడగడం మాత్రం తప్పు కాదు. గొంతు పెంచకుండా అడగండి.

ఇక మీ ఇంట్లో ఫోను. ఫోనొచ్చిన రాత్రి ప్రతి ఇంట్లో జరిగే పని ఒకటే. నాన్న ఫోను లాక్కుని నేలకేసి కొడతాడు, లేదంటే అన్న కూర్చుని మొత్తం డిలీట్ చేస్తాడు. రెండూ చెయ్యొద్దు. వాట్సాప్‌లో అందరికీ కనపడకుండా డిలీట్ చేసే వీలు సుమారు రెండు రోజులు ఉంటుంది. అది చేస్తే మెసేజీ పోయి ‘డిలీట్ అయింది’ అనే గుర్తు మిగులుతుంది, అవతలివాళ్ల దగ్గర స్క్రీన్‌షాట్ ఎట్లాగూ ఉంటుంది. మీకు మిగిలేది ఏమిటంటే, సాక్ష్యం మాయం చేసినారనే మాట. మీవాడు చెయ్యలేదని రుజువు చేసేది కూడా ఆ ఫోనే. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ అని ఉంటుంది, ఇంకెవరి కంప్యూటర్లోనైనా మీవాడి వాట్సాప్ తెరిచి ఉందేమో చూపిస్తుంది. ఇన్‌స్టాలో ఏ ఫోను నుంచి, ఏ ఊరి నుంచి లాగిన్ అయినారో జాబితా ఉంటుంది. నాకు తెలిసిన ఒక పిల్లోడు ట్యూషన్ కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి, మూయకుండా ఇంటికి వచ్చేసినాడు. మిగతాది వేరేవాళ్లు కానిచ్చినారు. లింక్డ్ డివైసెస్‌లో ఆ కంప్యూటరు లేకపోతే వాడి మాట ఎవరు నమ్మేవాళ్లు?

దీనికి ఒక మినహాయింపు ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ ఫోనులో ఏ పిల్లదైనా, పిల్లోడిదైనా బట్టల్లేని బొమ్మ ఉంటే, నిజం ఫోటో కానీ, మార్ఫింగ్ చేసింది కానీ, ఏఐతో తయారుచేసింది కానీ, దాన్ని సాక్ష్యం కోసమని ఇంకెవరికీ పంపొద్దు. ప్రిన్సిపల్‌కు పంపొద్దు, లాయరుకు పంపొద్దు, అక్కకు పంపొద్దు. పంపిన ప్రతి మనిషీ చిక్కుల్లో పడతారు. అట్లాంటివి దగ్గర ఉంచుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం కూడా పోక్సో చట్టం కింద (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) నేరం దాకా పోవచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అప్పుడు చెయ్యాల్సింది ఆలస్యం లేకుండా పోలీసులకు చెప్పడమే. బొమ్మ ఇంకా పాకకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక సదుపాయం 2023 నుంచి ఉంది. బొమ్మను వాళ్లకు పంపక్కర్లేదు. మీ ఫోనులోనే దానికి ఒక అంకెల గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే ఇందులో చేరిన కంపెనీలకు పోతుంది. వాళ్లు దాన్నిబట్టి వెతికి తీసేస్తారు. ఆ పాప అమ్మానాన్నలకు ఇది తెలియకపోతే తెలియజెప్పండి, మీరు ఆరోపణ పడినవాడి తల్లిదండ్రులైనా సరే.

చట్టం గురించి చెప్పమని నిర్వాహకులు గట్టిగా అడిగినారు. మా ఆఫీసుకు రెండు రకాల భయాలొస్తాయి. ఇటువాళ్లకు జైలు భయం. అటువాళ్లకు ‘పిల్లోడని వదిలేస్తారు’ అనే భయం. రెండూ సగం సగం తప్పు.

బుల్లీయింగ్ అనే పేరుతో మన దేశంలో విడిగా చట్టం లేదు. ఐటీ చట్టంలో ఆన్‌లైన్‌లో నొప్పించే మెసేజీలకు శిక్ష వేసే 66ఏ అని ఒకటి ఉండేది, 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి బెదిరించేవాళ్లున్నారు, బెదరొద్దు. అంతమాత్రాన ఏమీ లేదనుకోవద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్ దొంగతనంగా వాడితే 66సి. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 66డి. ఎవరి ఒంటి మీది గుప్త భాగాలనైనా వాళ్లకు ఇష్టం లేకుండా ఫోటో తీసినా, పంపినా 66ఇ. ఈ మూడింటికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. పిల్లల అశ్లీల చిత్రాలైతే 67బి, మొదటిసారికే ఐదేళ్ల దాకా, దానికి తోడు 2012 నాటి పోక్సో. వద్దన్నా వెంటపడి మెసేజీలు పెట్టడం, బెదిరించడం పాత ఐపీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి.

ఇవి నేరాల పేర్లు. చేసింది పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే నడిచే దారి వేరు. ఏడేళ్లలోపు అయితే నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండు దాకా ఆ పిల్లకు చేసేది ఏమిటో అర్థమయ్యే పరిపక్వత ఉందా లేదా అని చూస్తారు. ఆ పైన, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. లాకప్పు లేదు, జైలు లేదు, సంకెళ్లు లేవు. మాట్లాడే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, కనీస శిక్షే ఏడేళ్లున్న ఘోర నేరమైనా, పెద్దవాళ్లతో కలిసి చేసిందైనా అయితే తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదు. స్టేషన్‌లో ఉండే జనరల్ డైరీలో రాసుకుని, ఆ పిల్లోడి ఇల్లూ బడీ పరిస్థితుల మీద ఒక నివేదిక పెట్టి బోర్డుకు పంపాలి. మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా, ప్రొబేషన్, ఇట్లాంటివన్నీ బోర్డు చేతిలో ఉన్నాయి. అవసరమనుకుంటే ప్రత్యేక గృహానికి మూడేళ్ల దాకా పంపొచ్చు కూడా, కాబట్టి ‘ఏమీ కాదులే’ అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఈ చట్టం కింద విచారణ జరిగి తప్పని తేలినా, పదహారు దాటి ఘోర నేరం చేసిన కేసుల్లో తప్ప, అది రేపటి ఉద్యోగానికో చదువుకో అనర్హత కాదని 24వ సెక్షన్ చెప్తుంది.

ఫీజుకు డబ్బుల్లేక ఆగేవాళ్లుంటారు. పిల్లలకు న్యాయ సహాయం ఉచితం, ఆదాయంతో సంబంధం లేదు. కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా సరే. 2022లో జిల్లా విడిపోయిన దగ్గర్నుంచి ఏ ఆఫీసు చిత్తూరులో ఉందో, ఏది తిరుపతికి వచ్చిందో తెలియక జనం బస్సులెక్కి దిగుతూనే ఉన్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేస్తే పిల్లల విషయంలో ఎవరి దగ్గరికి పోవాలో చెప్తారు.

అన్నట్టు, గ్రూపు అడ్మిన్ సంగతి. “మావాడు మెసేజీ పెట్టలేదు మేడం, అడ్మిన్ అంతే, వాడి మీద కేసంటున్నారు” అని వస్తారు. సభ్యుడు పెట్టినదానికి, అడ్మిన్ అయిన పాపానికి నేరం అంటగట్టడం కుదరదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అంతకు ముందు ఏడాది బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కూడా అదే చెప్పింది. అడ్మినే ఎగదోస్తే మాత్రం అది వేరే కథ.

బడికి ఉన్న హద్దులు కూడా తెలుసుకోండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. అసెంబ్లీలో అందరి ముందు నిలబెట్టి ‘వీడేరా’ అని చూపించడం ఏమవుతుందో మీరే ఆలోచించండి. సీబీఎస్ఈ బడులకైతే వేధింపుల మీద కమిటీ వెయ్యమని 2015లోనే సర్క్యులర్ వచ్చింది. మీ బడిలో కమిటీ ఉందా అని అడగండి, నోటీసు బోర్డు మీద పేర్లుంటే చాలదు, ఎప్పుడైనా కూర్చున్నారా అని అడగండి.

ఇప్పుడు, పేర్లు ఎందుకు చెప్పకూడదో చెప్తానన్నాను. బడిలో గొడవ మొదలైన సాయంత్రమే మనవాడి ఫోటో తల్లుల గ్రూపులో తిరిగింది. ‘వీడే. మీ పాపల్ని జాగ్రత్తగా చూసుకోండి’ అని. పెట్టినామె మంచి మనిషే, కోపంలో పెట్టింది. గంటలో ఊరి యూట్యూబ్ చానెల్ వాళ్ల దాకా పోయింది. విచారణలో ఉన్న పిల్లోణ్ని కానీ, బాధపడిన పిల్లను కానీ గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్. పేరే కాదు, బడి పేరు, వీధి పేరు కూడా. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. పిల్లలు చేసిన తప్పును పట్టుకోవడానికి పెద్దవాళ్లు అదే తప్పు, అదే ఫోనులో, ఇంకా పెద్ద గ్రూపులో చేసినారు. ఆ గ్రూపులో ఉన్నవాళ్లెవరైనా ఇక్కడ ఉంటే నేనేం అనను, ఇంటికి పోయి తీసెయ్యండి.

మన ఊరి గంగజాతర తెలుసు కదా. బండ వేషం వేసుకున్నవాడు, తోటి వేషం వేసుకున్నవాడు మొహానికి రంగు పూసుకుని వీధంతా తిట్టుకుంటూ పోతాడు. ఎంత పెద్దమనిషినైనా తిడతాడు, పడ్డవాళ్లు నవ్వుకుంటారు. ఎందుకు చెల్లుతుంది? రంగు వెనక ఉన్నది ఫలానా వాళ్ల అబ్బాయని వీధికంతా తెలుసు. పైగా అది జాతర రోజుల వరకే. తానాలు చేసి రంగు కడిగేస్తే తిట్టూ పోతుంది. ఫేక్ ఖాతాకు ఆ రెండూ లేవు. మొహం తెలియదు, గడువు లేదు. మన పిల్లలు మాత్రం జాతర తిట్టు లాంటిదే అనుకుని, “జోక్ మేడం, అందరూ నవ్వినారు” అని నాతో అంటారు. అబద్ధం చెప్పడం లేదు వాళ్లు, నిజంగానే అట్లా అనుకుంటారు. ఆ పాప నవ్వలేదు కదా నాయనా అంటే అప్పుడు తల దించుకుంటారు.

మరి ఇంట్లో ఎట్లా అడగాలి? ఎందుకు చేసినావురా అని అడక్కండి. ఎందుకో వాడికే తెలియదు, నోటికొచ్చిన అబద్ధం ఒకటి చెప్తాడు, తర్వాత దానికే కట్టుబడి ఉంటాడు. ముందు ఏం జరిగింది, అప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉంది, నువ్వు ఏ మాట రాసినావు, అది అడగండి. నలుగురి ముందు వద్దు. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పొయ్యేటప్పుడు మాట్లాడితే పిల్లలు చెప్తారు, మొహం చూడక్కర్లేదు కాబట్టి. వాడు చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. మీ మాటలు కలపొద్దు. బడికి రాసిచ్చేది ఏదైనా ఉంటే వాడు చేసినంతే రాయాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ప్రిన్సిపల్‌కు రాసిచ్చిన కాగితం రేపు బోర్డు ముందుకు రావచ్చు.

నేను మాట్లాడాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక చెయ్యెత్తినామె, చెప్పమ్మా.

ప్రశ్న (ఒక తల్లి): మా అబ్బాయి పదో తరగతి మేడం. ఎవరి మీదో మీమ్ చేసినాడని రేపే టీసీ తీసుకోమంటున్నారు. వద్దంటే పరీక్షకు కూర్చోనివ్వం అంటున్నారు.

జవాబు: మీవాడు చేసినాడా? (తల్లి: చేసినాడు మేడం. ఒకటి.) ఆ ఒకటి అని మీరు చెప్పగలుగుతున్నారు చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. రేపు పోయి సంతకం పెట్టొద్దు. అట్లాగని గొడవా పెట్టుకోవద్దు. ఒక తెల్ల కాగితం మీద, మావాడు ఈ తేదీన ఈ మీమ్ చేసినట్టు ఒప్పుకున్నాడు, మిగతా ఆరోపణలు ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వండి, మా సమక్షంలో విచారణ చెయ్యండి, అది పూర్తయ్యేదాకా క్లాసుకు రానివ్వండి అని రాసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పరీక్షల బోర్డుకు పోయిన తర్వాత మధ్యలో బడి మారితే ఏడాది పోయినా పోతుంది, ఆ మాట వాళ్లకూ తెలుసు. వినకపోతే డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు అదే కాగితం కాపీ ఇవ్వండి. కానీ ఒకటమ్మా, మీరు రాసే కాగితంలో అవతలి పిల్ల గురించి ఒక్క చెడ్డ మాట ఉండకూడదు. ‘ఆ పిల్ల కూడా ఏం తక్కువ కాదు’ అని రాస్తారు చాలామంది. అది రాసిన క్షణం మీ కాగితానికి విలువ పోతుంది.

ప్రశ్న (ఒక తాత): నాకొక డౌటు తల్లీ. మీరు చెప్పిన కేసులో ఆ పిల్లోడితో ఆ పాపకు సారీ చెప్పించినారా? మా కాలంలో అయితే పండ్లూ పూలూ తీసుకుని వాళ్లింటికి పోయి కాళ్లు పట్టించేవాళ్లం.

జవాబు: ఇంటిల్లిపాదీ పోయి ఆ పాప ముందు నిలబడితే ఆ పిల్ల ‘సరేలే’ అనక ఏమంటుంది తాతా? అది మన మనసు తేలిక చేసుకోవడానికి. నీకేం కావాలమ్మా అని లెక్కల మేడమే పాపను అడిగింది. సారీ వద్దన్నది. వాడి మొహం చూడాలని లేదన్నది. స్టిక్కర్ పోవాలన్నది. ఖాతా రిపోర్ట్ చేస్తే వాళ్లు తీసేసినారు, ఆ పని తొందరగానే అయింది. స్టిక్కర్ అట్లా కాదు. మెసేజీ డిలీట్ చేసినా, సేవ్ చేసుకున్నవాళ్ల ఫోనులో అది ఉండనే ఉంటుంది. అందుకని ఖాతా తెరిచినవాడు, ఓటీపీ చెప్పిన మనవాడు, ఫోటో తీసిన పిల్ల, స్టిక్కర్ చేసిన పిల్ల, నలుగురికీ తరగతి జాబితా పంచి ఇచ్చింది మేడం. ఒక్కొక్కరి దగ్గరికి పోయి, ఫోను తెరిపించి, స్టిక్కర్ తీయించి, పేరు పక్కన టిక్కు పెట్టుకుని రావాలి. మనవాడి వాటాకు వచ్చినవాళ్లలో ఇద్దరు, ‘నువ్వే కదరా మొదలుపెట్టింది’ అని వాణ్నే ఎగతాళి చేసి పంపించినారు. వాడు మళ్లీ పోయినాడు. అప్పటికీ తీయకపోతే మేడం వాళ్ల ఇళ్లకు ఫోన్ చేసింది.